పండగ సెలవుల్లో ఇంటిల్లిపాదీ కలిసి చూసే సినిమాను ఎంచుకోవడం ఎలా?

కుటుంబమంతా కలిసి చూసే సినిమాను ఎంచుకునేటప్పుడు ముందుగా ఆలోచించవలసింది ఆ రోజు ఆ గదిలో ఎవరెవరు కూర్చోబోతున్నారన్నది. సినిమా పేరు ఆ తరువాతి మాట. సంక్రాంతికో దసరాకో విశాఖపట్నంలోని ఇళ్లు నిండినప్పుడు సీతమ్మధారలోనో ఎంవీపీ కాలనీలోనో ఉన్న ఒక మామూలు ఫ్లాటులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తాతయ్య, హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే మనవడు, అమెరికా నుంచి దిగిన చిన్న మనవరాలు, ఇంకా బడి మొహం చూడని పిల్లవాడు ఒకే సోఫా చుట్టూ చేరతారు. వారిలో అందరికంటే పెద్దవారికీ అందరికంటే చిన్నవారికీ పట్టే సినిమా దొరికితే నడుమ ఉన్నవారికి అది దాదాపు ఎప్పుడూ నచ్చుతుంది. నడివయసువారు తమ ఇష్టం కొద్దీ పెట్టిన సినిమాకు మాత్రం పెద్దలు కునుకు తీస్తారు, పిల్లలు ఫోన్లు అందుకుంటారు. ఈ వ్యాసంలోని సలహాలన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నిలబడ్డాయి.

ముందుగా తేల్చుకోవలసినవి

ఎంపిక బాధ్యతను ఒక్కరికే అప్పగించడం మేలు. పదిమందిని కూర్చోబెట్టి ఏం చూద్దామని అడిగితే పది పేర్లు వస్తాయి. చేతులెత్తించి లెక్కపెడితే ఓడినవారు సినిమా మొదలైన పావుగంటకే ఏదో పని గుర్తొచ్చి లేచిపోతారు. ఇంట్లో అందరి అభిరుచులూ ఎరిగినవారు, సాధారణంగా పెద్ద కోడలో మేనత్తో, భోగికి రెండు మూడు రోజుల ముందే రెండు సినిమాలను ఖాయం చేసుకుని, ఒకదాన్ని అసలు సినిమాగానూ రెండోదాన్ని అవసరానికి అక్కరకొచ్చేదిగానూ ఉంచుకోవాలి. అవి ఏ ఓటీటీలో ఉన్నాయో, ఆ చందా ఇంకా నడుస్తున్నదో లేదో అప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే ప్రదర్శన హక్కులను నిర్ణీత కాలానికే ఇస్తారు కాబట్టి కిందటి పండక్కి కనిపించిన సినిమా ఈ పండక్కి అక్కడ లేకపోవచ్చు. పాత సినిమాలు యూట్యూబులో దొరుకుతాయి గానీ ఒక్కో సినిమాకు నాలుగైదు ప్రతులుంటాయి, వాటిలో కొన్నింటికి పాటలు కత్తిరించి ఉంటారు, కొన్నింటికి మాట ఒకచోట పెదవి ఒకచోట నడుస్తుంటాయి. నిడివి ఎక్కువ ఉన్న ప్రతిని ఎంచుకుని, మొదట్లోనూ మధ్యలోనూ చివర్లోనూ రెండేసి నిమిషాలు నడిపి చూస్తే ఆ బాధ తప్పుతుంది.

రోజు విషయానికొస్తే, సంక్రాంతి సెలవుల్లో కనుమను మించినది లేదు. భోగి నాడు మంటలతోనూ సాయంత్రం భోగిపళ్లతోనూ సరిపోతుంది. ఉత్తరాంధ్రలో పెద్ద పండగ అని పిలిచే సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెట్టుకోవడం, వచ్చేపోయే బంధువులు, వంటలు, వీటి మధ్య మూడు గంటలు ఒక్కచోట కూర్చునే వీలు ఎవరికీ ఉండదు. కనుమ నాడు కాకి కూడా కదలదని మనవాళ్లు సామెత కట్టి మరీ ప్రయాణాలు మానిపించారు కాబట్టి ఆ రోజు అందరూ ఇంట్లోనే ఉంటారు. అయితే ఆ మధ్యాహ్నం గారెలూ కోడికూరా దట్టించినవారి కళ్లు మూతలు పడుతుంటాయి గనుక, మొదటి ఇరవై నిమిషాల్లోనే నవ్వించే సినిమాయే ఆ పూటకు తగినది. ఎంత గొప్పదైనా నెమ్మదిగా సాగే సినిమాను మరునాటికి ఉంచండి. ఇంకొక మాట: వంటింట్లో గిన్నెల పని ఇంకా మిగిలి ఉండగా హాల్లో సినిమా మొదలుపెట్టడం చాలా ఇళ్లలో జరిగేదే, కానీ ఆ పని చేస్తున్నవారు వచ్చి కూర్చునేదాకా ఆగితే తప్ప దాన్ని కుటుంబ సినిమా అనడం న్యాయం కాదు. అందరూ తలా ఒక చెయ్యి వేస్తే అరగంటలో అది తెమిలిపోతుంది.

దసరా సెలవులు ఎక్కువ రోజులుంటాయి కాబట్టి తొందర లేదు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది; ఇంట్లో సగంమంది అటు వెళ్తారు, వెళ్లినవారు రాత్రికి అలసిపోయి వస్తారు. ఆ ఒక్కరోజును వదిలి మిగిలిన ఏ సాయంత్రమైనా పెట్టుకోవచ్చు.

ఇక సినిమా పిల్లలకు తగినదో కాదో చూసుకోవడం. 2024లో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం సెన్సారు బోర్డు యూఏ వర్గాన్ని ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడుగా విడదీసింది, కాబట్టి ఇటీవలి సినిమాలకు వయసు చూసుకోవడం సులువు. అంతకుముందు సినిమాలకు యు, యూఏ, ఏ అన్న గుర్తులే ఉంటాయి గనుక వాటితో పెద్దగా ఏమీ తెలియదు. అంతకంటే పెద్ద ప్రమాదం మన జ్ఞాపకశక్తి. "మా చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ వెళ్లి చూశాం" అని పెద్దలు సిఫారసు చేసే సినిమాల్లో వారికి గుర్తున్నవి పాటలే. 1980లో వచ్చిన కె. విశ్వనాథ్ గారి శంకరాభరణం అందుకు మంచి ఉదాహరణ. జాతీయ పురస్కారాల్లో ఆరోగ్యకరమైన వినోదాన్ని అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా నిలిచిన సినిమా అది, సంగీతం కోసం ఎన్నిసార్లయినా చూడదగినది. కానీ కథ తొలిభాగంలో తులసి పాత్ర మీద జరిగే అత్యాచారం, ఆ వెంటనే వచ్చే హత్య చాలామంది జ్ఞాపకంలోంచి జారిపోయాయి. ఎనిమిదేళ్ల పిల్లలు పక్కన ఉండగా ఆ ఘట్టం వచ్చినప్పుడు రిమోటు కోసం వెతుక్కోవలసి వస్తుంది. ఎంత పేరున్న సినిమా అయినా సరే, చూసి పదేళ్లు దాటితే బాధ్యత తీసుకున్నవారు ముందు ఒకసారి చూడడమే పద్ధతి.

మూడు తరాలకూ సరిపోయేవి

నా లెక్కలో మొదటి స్థానం మాయాబజార్‌దే, రెండో స్థానానికీ దానికీ చాలా దూరం ఉంది. 1957లో విజయా సంస్థ తీసిన, కె.వి. రెడ్డి గారు దర్శకత్వం వహించిన ఈ సినిమాలో తాతయ్యలకు ఘంటసాల సంగీతం, పింగళి నాగేంద్రరావు గారి మాటలు ఉన్నాయి, పిల్లలకు ఘటోత్కచుడున్నాడు. ఎస్.వి. రంగారావు గారు వివాహ భోజనం ముందు కూర్చున్న ఆ కాసేపూ తెలుగు రాని పిల్లలు కూడా కదలరు, ఎందుకంటే లడ్డూలు వాటంతట అవే ఎగిరి నోట్లోకి వెళ్లడాన్ని అర్థం చేసుకునేందుకు భాష అక్కర్లేదు. కంప్యూటర్లు లేని రోజుల్లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ ఆ మాయలన్నీ కెమెరాతోనే చేశారనీ, పడవ పాటలో కనిపించే వెన్నెల పట్టపగలు తీసినదనీ చెబితే, రోజూ గ్రాఫిక్సు చూసే పదిహేనేళ్లవాడు అప్పటిదాకా పట్టుకున్న ఫోను పక్కన పెడతాడు.

ఈ సినిమాను పిల్లలతో చూసేటప్పుడు కొంత ముందస్తు పరిచయం అవసరం. బలరాముడు, కృష్ణుడు, సుభద్ర అన్నాచెల్లెళ్లనీ, సుభద్ర కొడుకు అభిమన్యుడనీ, బలరాముడి కూతురు శశిరేఖ అనీ, కౌరవులు ఎవరనీ ఐదు నిమిషాల్లో చెప్పే పనిని ఇంట్లో అందరికంటే పెద్దవారికి అప్పగించండి. కథ చెప్పే వంతు తమకొచ్చినప్పుడు వారికి ఆ మూడు గంటల్లో ఒక హోదా దక్కుతుంది, మధ్యలో పిల్లలు అడిగే ప్రశ్నలన్నీ వారి వైపే వెళ్తాయి. రెండో సగంలో శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడన్న సంగతి చిన్నవారికి ఒకసారి గుర్తు చేయాలి. లేకపోతే సావిత్రి గారు ఉన్నట్టుండి మగరాయుడిలా ఎందుకు నడుస్తున్నారో, ఎందుకు గర్జిస్తున్నారో తెలియక వారు తికమకపడతారు, తెలిస్తే మాత్రం పడీపడీ నవ్వుతారు. కాస్త పెద్ద పిల్లలకు ఒక పొడుపు వేయవచ్చు: పాండవుల ఇంటి పెళ్లి కథలో తెరమీద ఒక్కసారి కూడా కనిపించనిది ఎవరు? సమాధానం పాండవులే. సినిమా సగానికి వచ్చాక గానీ ఎవరూ దాన్ని కనిపెట్టలేరు.

ఈ సినిమాకు 2010లో రంగులద్దిన ప్రతి వచ్చింది. పిల్లలు నలుపు తెలుపు చూడరేమోనన్న భయంతో చాలామంది దానికే మొగ్గుతారు. అందులో నిడివి కొంత తగ్గించారు, పైగా బార్ట్లీ గారు వెలుగునీడలతో కట్టిన అందం అద్దిన రంగుల కింద కొంత మరుగునపడింది. నా మట్టుకు నేను నలుపు తెలుపు ప్రతినే పెట్టమంటాను. మొదటి పది నిమిషాలు గొణిగిన పిల్లలు ఆ తరువాత రంగుల ఊసే ఎత్తరు. అసలు ప్రతి మూడు గంటలకు పైనే ఉంటుంది కాబట్టి మధ్యలో టీలకోసం ఇరవై నిమిషాలు ఆపడం తప్పనిసరి.

పురాణ కథ మీద మక్కువ ఉన్న ఇళ్లలో రెండో పేరుగా లవకుశ వస్తుంది. 1963లో విడుదలైన ఈ సినిమా పూర్తి నిడివి రంగుల్లో వచ్చిన తొలి తెలుగు చిత్రం. మూడున్నర గంటలకు దగ్గరగా ఉంటుంది గనుక ఒకే పూటలో ముగించాలని పట్టుబట్టకుండా, వాల్మీకి ఆశ్రమంలో లవకుశులు పెద్దవారయ్యే ఘట్టం దగ్గర ఆపి మిగిలినది మరునాడు చూడడం మంచిది. పెద్దవారు కంటతడి పెడతారు. పండగ పూట ఏడుపు వద్దనుకునే ఇళ్లవారు దీనిని వదిలేయవచ్చు. రామకథనే పిల్లల ద్వారా చూపించాలంటే గుణశేఖర్ దర్శకత్వంలో 1997లో వచ్చిన రామాయణం ఉంది. అందులో పాత్రధారులంతా పిల్లలే, రాముడిగా జూనియర్ ఎన్టీఆర్ కనిపిస్తారు. తమ వయసువారే విల్లు ఎక్కుపెట్టడం చూసి పిల్లలు పొందే ఉత్సాహం పెద్దల సినిమాల్లో దొరకదు. సినిమా అయ్యాక ఇంట్లోని చీపురుపుల్లలన్నీ బాణాలవుతాయని మాత్రం ముందే హెచ్చరిస్తున్నాను.

గుండమ్మ కథ (1962) అత్తాకోడళ్లు ఒకే గదిలో కూర్చుని చూడదగ్గ సినిమా, ఎందుకంటే సూర్యకాంతం గారి గయ్యాళితనాన్ని చూసి ఇద్దరూ నవ్వగలరు, ఎవరి లెక్కలు వారికుంటాయి. ఎన్టీ రామారావు గారికి ఇది నూరవ చిత్రం, నాగేశ్వరరావు గారికి తొంభై తొమ్మిదవది. క్రిస్మస్ సెలవులకు మిస్సమ్మ (1955) బాగా అమరుతుంది. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడిన ఇద్దరు నిరుద్యోగుల కథ, అందులో నాయిక క్రైస్తవ కుటుంబంలో పెరిగిన మేరీ. ఒక్క పరుషమైన మాట లేకుండా రెండు మతాల మధ్య ఇంత హాస్యం పండించిన సినిమా ఆ తరువాత వచ్చినట్టు నాకు తోచదు.

నలుపు తెలుపును ససేమిరా ఒప్పుకోని ఇళ్లకు 1990ల తొలినాళ్ల సినిమాలు వంతెనలాంటివి. తుపాను వర్షాల నడుమ 1990 మే 9న విడుదలై కూడా జనాన్ని థియేటర్లకు రప్పించిన జగదేకవీరుడు అతిలోకసుందరి ఇప్పటి నడివయసువారికి చిన్ననాటి సినిమా, వారి పిల్లలకు దేవకన్య ఉంగరం పోగొట్టుకున్న కథ. రెండు తరాలకూ కావలసినది అందులో ఉంది. సింగీతం శ్రీనివాసరావు గారి ఆదిత్య 369 (1991) చూసే ముందు పిల్లలకు శ్రీకృష్ణదేవరాయలు ఎవరో చెప్పి ఉంచితే, కాలయంత్రం 1526వ సంవత్సరంలో దిగినప్పుడు వారికి ఆ ఆనందం రెట్టింపవుతుంది. ఈ రెండూ 2025లో థియేటర్లలో మళ్లీ విడుదలయ్యాయి, అందుచేత శుభ్రపరిచిన ప్రతుల కోసం వెతకడం వృథా కాదు.

సింగీతం గారిదే మరొక సినిమా విశాఖకు ప్రత్యేకంగా పనికొస్తుంది. ఉక్కునగరంలోనూ నౌకాదళ నివాసాల్లోనూ ఉండేవారికి ఒరియా, బెంగాలీ, మలయాళీ ఇరుగుపొరుగు ఉంటారు. పండక్కి పిలిచిన వారికి తెలుగు సినిమా పెడితే పాపం మర్యాదకు కూర్చుంటారు. 1987 నాటి పుష్పక విమానంలో సంభాషణలే లేవు. కమల్ హాసన్, అమల నటించిన ఈ సినిమాకు సబ్‌టైటిల్సు చదవాల్సిన పని గానీ పక్కవారికి అనువదించి చెప్పాల్సిన పని గానీ ఉండదు. తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన అమెరికా మనవలకూ, వినికిడి తగ్గిన తాతయ్యలకూ ఒకేసారి న్యాయం చేసిన సినిమా ఇదొక్కటే. ఇందులో కొంత మోటు హాస్యం ఉంది, దానికి పిల్లలే ఎక్కువగా నవ్వుతారు.

ఇటీవలి సంక్రాంతి సినిమాల్లో రెండింటినే గట్టిగా చెప్పగలను. సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు (2013) నెమ్మదిగా నడుస్తుంది, ప్రతినాయకుడంటూ ఎవరూ ఉండరు; ఉద్యోగం లేని అన్న, మాట పడని తమ్ముడు, అందరినీ నవ్వుతూ పలకరించే తండ్రి, ఇంతే కథ. శతమానం భవతి (2017) పిల్లలంతా విదేశాల్లో ఉన్న వృద్ధ దంపతుల సంక్రాంతి గురించినది కాబట్టి, ఏడాదికోసారి వచ్చినవారు పక్కనే కూర్చున్నప్పుడు కొన్ని ఘట్టాలు సూటిగా తగులుతాయి. అది మంచికే అని కొందరంటారు. ఆ రోజే తిరుగు ప్రయాణం ఉన్న ఇంట్లో మాత్రం నేను పెట్టను. బలగం (2023) వీటన్నిటికంటే లోతైన సినిమా, చావు ఇంట్లో కాకి ముట్టని పిండం చుట్టూ తిరిగే తెలంగాణ పల్లె కథ. ఏడాది లోపు ఎవరినైనా పోగొట్టుకున్న ఇంట్లో పండగ నాడు దాన్ని పెట్టకూడదు. ఆ దుఃఖం తీరాక, అన్నదమ్ములందరూ ఒకచోట ఉన్న మామూలు రోజున చూడాలి.

హాస్యం మాత్రమే కావాలంటే జంధ్యాల గారి అహ నా పెళ్ళంట (1987) చాలు. కోట శ్రీనివాసరావు గారి పిసినారితనం, బ్రహ్మానందం గారి అరగుండు పాత్ర గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. చిన్నపిల్లలు మరీ ఎక్కువగా ఉంటే ఈగ (2012) పెట్టండి. విలన్‌ను ఈగ ముప్పుతిప్పలు పెడుతుంటే నాలుగేళ్లవారు కూడా ఊపిరి బిగబట్టి చూస్తారు, అయితే తొలి అరగంటలో కథానాయకుడి హత్య ఉంది కాబట్టి ఆ కాసేపు మరీ పసివారిని వేరే ఆటలో పెట్టడం మంచిది. పరీక్షల భయం ఉన్న పిల్లలున్న ఇంటికి 35 చిన్న కథ కాదు (2024) తగినది, లెక్కలంటే భయపడే ఒక తిరుపతి కుర్రవాడి కథ అది.

మన ఊరే తెరమీద కనిపించేవి

బయటి ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలకు విశాఖను చూపించడానికి సినిమా కూడా ఒక దారి. 2018లో వెంకటేశ్ మహా దర్శకత్వంలో వచ్చిన కేరాఫ్ కంచరపాలెంలో నటించినవారిలో ఎక్కువమంది ఆ పేటవాళ్లే, అంతకుముందు కెమెరా ముందు నిలబడనివాళ్లే. ఆ యాస, ఆ రైలు పట్టాలు, ఆ ఇరుకు వీధులు, ఆ వెటకారం ఇక్కడ పుట్టి పెరిగినవారికి చెప్పలేనంత దగ్గరగా ఉంటాయి. నాలుగు ప్రేమకథలు నాలుగు వయసుల్లో నడుస్తాయి కాబట్టి గదిలోని ప్రతి తరానికీ అందులో ఒక వాటా ఉంది. బడిపిల్లల కథకు పిల్లలు, యాభైకి దగ్గరపడిన రాజు కథకు పెద్దలు అతుక్కుపోతారు. మద్యం దుకాణం, వేశ్యావృత్తి, మతం పేరిట జరిగే ఘోరం కథలో భాగాలు గనుక పన్నెండు, పదమూడేళ్లు దాటినవారితోనే చూడాలి. ఒక నియమం కచ్చితంగా పెట్టుకోండి: ముందే చూసినవారు ముగింపు గురించి పెదవి విప్పకూడదు. ఆ చివరి పది నిమిషాలు తెలియకుండా చూసినవారి మొహాలు చూడడం కోసమే రెండోసారి కూర్చున్నవారు చాలామంది ఉన్నారు.

ఘాజీ (2017) సినిమాకు విశాఖలో ఉన్న వసతి ఇంకే ఊళ్లోనూ లేదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి సమీపంలోనే మునిగిపోయింది. ఆ సంఘటనకు కల్పన జోడించి తీసిన సినిమా ఇది. ఉదయం బీచ్ రోడ్డులో ఉన్న కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల చూపించి, సాయంత్రం ఇంట్లో సినిమా పెడితే, తెరమీద నావికులు ఆ ఇరుకు దారుల్లో పరుగెడుతున్నప్పుడు పిల్లలకు అది తాము నడిచిన చోటులాగే ఉంటుంది. కురుసుర 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన నిజమైన జలాంతర్గామి. 2002 నుంచి ఒడ్డున ప్రదర్శనలో ఉంది. లోపల ఒక గది నుంచి మరో గదికి వెళ్లాలంటే గుండ్రటి ద్వారాల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి కష్టం. వారు ఇసుక ఒడ్డున ముంత మసాలా తింటూ ఎదురుచూడడమే హాయి. సెలవుల్లో వరస పొడుగ్గా ఉంటుంది గనుక తెరిచే వేళకే చేరుకోవాలి. సినిమా అయ్యాక పిల్లలకు ఒక సంగతి చెప్పడం అవసరం: ఘాజీ మునకకు కారణం మీద భారత, పాకిస్తాన్ దేశాల కథనాలు వేరువేరు, సినిమాలో చూపినదంతా చరిత్ర కాదు.

జంధ్యాల గారు తన సినిమాల్లో చాలావాటిని విశాఖలోనే తీశారు. చిరంజీవి గారు డిటెక్టివుగా నటించిన చంటబ్బాయ్ (1986) పెట్టుకుంటే నవ్వులతో పాటు ఎనభైల నాటి విశాఖ రోడ్లు కూడా కనిపిస్తాయి. ఖాళీగా ఉన్న ఆ రోడ్లను చూసి పెద్దలు నిట్టూర్చడం, ఇది ఫలానా చోటు అని వాదించుకోవడం సినిమాలో సగం వినోదం. కె. బాలచందర్ గారి మరో చరిత్ర (1978) విశాఖ, భీమిలి తీరాలను చూపించినంత అందంగా మరే సినిమా చూపించలేదన్నది నా అభిప్రాయం, కానీ దాని ముగింపు దారుణమైన విషాదం, అందులో హింస ఉంది. పెద్దవారు మాత్రమే మిగిలిన రాత్రికి దాన్ని అట్టిపెట్టండి.

గది, తెర, ధ్వని

టీవీ అమరికల్లో ఒక్కదాన్ని తప్పక సరిచూడాలి. 1950, 60ల సినిమాలు ఇప్పటి టీవీలంత వెడల్పుగా ఉండవు, చతురస్రానికి దగ్గరగా ఉంటాయి. తెర నిండాలని సాగదీస్తే సావిత్రి గారి మొహం గుమ్మడికాయలా కనిపిస్తుంది. రెండు పక్కలా నల్లటి పట్టీలు వచ్చినా ఫర్వాలేదు, బొమ్మను దాని అసలు కొలతలోనే ఉంచాలి. అలాగే కదలికను నునుపు చేసే సదుపాయం కొత్త టీవీల్లో దానంతటదే పని చేస్తుంటుంది. అది ఆపకపోతే ఏ సినిమా అయినా సీరియల్‌లా కనిపిస్తుంది.

ధ్వని ఇంతకంటే ముఖ్యం. పలుచటి టీవీల స్పీకర్లు వెనుకవైపు ఉంటాయి కాబట్టి సంగీతం హోరెత్తి మాటలు వినపడవు. సౌండ్‌బార్ ఉంటే సంభాషణలను స్పష్టం చేసే అమరిక పెట్టాలి, లేకపోతే వినికిడి తక్కువ ఉన్నవారిని టీవీకి దగ్గరగా, పక్కగా కూర్చోబెట్టాలి. సబ్‌టైటిల్సు పెట్టడం చిన్నతనం కాదు. తెలుగు చదవలేని మనవలకూ సరిగా వినపడని పెద్దలకూ అవి ఒకేసారి ఉపయోగపడతాయి. తినుబండారాల విషయంలో కూడా ధ్వనిని దృష్టిలో పెట్టుకోవాలి: జంతికలూ చేగోడీలూ పాటలప్పుడు పంచి, మాటలు ముఖ్యమైన చోట అరిసెలూ మాడుగుల హల్వా ఇస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. పడమటి కిటికీల్లోంచి మూడు గంటల ఎండ నేరుగా తెరమీద పడే ఇళ్లలో మందపాటి దుప్పటి ఒకటి కట్టేస్తే సరిపోతుంది.

దసరా సెలవులు తుపానుల కాలంలో వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడ్డాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. అంత కాకపోయినా వానకు ఇంటర్నెట్ తెగిపోవడం మామూలే కాబట్టి ఎంచుకున్న రెండు సినిమాలనూ ముందురోజే ఆయా యాప్‌లలో డౌన్‌లోడు చేసి పెట్టుకోవాలి. ఇంట్లో వైఫై లేకుండా ఫోను డేటాతోనే నడిపించేవారు హెచ్‌డీ నాణ్యతలో గంటకు దాదాపు 3 జీబీ ఖర్చవుతుందని లెక్క వేసుకోవాలి. పాత సినిమాలకు అంత నాణ్యత అవసరం లేదు, తగ్గించి చూస్తే డేటా చాలా మిగులుతుంది.

థియేటరుకు వెళ్లాలనుకునేవారికి రెండే మాటలు. కొత్త సినిమాకు తొలి రెండు రోజుల్లో ఈలలూ కేకలూ ఉంటాయి, అది కుర్రవాళ్ల పండగ. పెద్దలనూ పసిపిల్లలనూ తీసుకువెళ్లేవారు మూడో రోజు తరువాత మ్యాట్నీకి వెళ్లాలి. జగదాంబ కూడలికి ఆ పేరు ఇచ్చిన జగదాంబ థియేటరు వైపు వెళ్లినా, మద్దిలపాలెంలోనో బీచ్ రోడ్డులోనో ఉన్న మల్టీప్లెక్సులకు వెళ్లినా నడవా పక్క సీట్లు తీసుకుంటే పెద్దవారు మధ్యలో లేచి రావడానికి వీలుగా ఉంటుంది.

అపార్ట్‌మెంటు మేడమీద ప్రొజెక్టరు పెట్టుకునే అలవాటు కొన్నిచోట్ల పెరుగుతోంది. డిసెంబరు, జనవరి రాత్రులు అందుకు అనుకూలమే గానీ, సముద్రపు గాలికి దుప్పటి తెర రెపరెపలాడుతుంది కాబట్టి గోడమీద వేయడమో, తెర నాలుగు మూలలా అడుగు అంచునా తాడుతో బిగించడమో చేయాలి. రాత్రి పది తరువాత లౌడ్‌స్పీకర్లకు చట్టం ఒప్పుకోదు, దాదాపు అదే వేళకు మంచు కురవడమూ మొదలవుతుంది. అందుచేత మేడమీదకు మాయాబజార్ తేవద్దు. రెండు గంటలకు కాస్త పైన ఉండే ఘాజీనో, రెండుంబావు గంటల ఈగనో ఏడింటికల్లా మొదలుపెడితే, మధ్యలో టీలకోసం ఆపినా తొమ్మిదిన్నరకల్లా ముగిసి, భోజనాలకు అందరూ కిందకు దిగవచ్చు.